గార్డెన్ గ్రోవ్ కుర్రాళ్లు: 'స్మాష్' ఆల్బమ్ కథ

మన పత్రికలో సంగీతం మీద వ్యాసం అంటే త్యాగరాజ ఆరాధన గురించో, ఘంటసాల గారి గురించో ఉంటుందని ఆశించడం సహజం. ఈసారి కొంచెం దారి తప్పుతున్నాను, పాఠకులు మన్నించాలి. దానికి కారణం మన సంఘం దీపావళి వేడుకల రిహార్సల్స్‌లో జరిగిన ఒక చిన్న గొడవ.

యూత్ ప్రోగ్రాంలో వాయిస్తామంటూ ముగ్గురు హైస్కూలు పిల్లలు గిటార్లు, డ్రమ్స్ మోసుకొచ్చారు. పాట మొదలై నిమిషం కాకముందే కమిటీ పెద్దాయన ఒకరు చెవులు మూసుకుని "రేకుల షెడ్డు మీద వడగళ్ల వాన పడ్డట్టుంది, ఆపండ్రా బాబూ" అన్నారు. డ్రమ్స్ వాయించిన పిల్లాడి తండ్రి, నేను అన్నయ్యా అని పిలిచే ఆయన, అందరి ముందూ చిన్నబోయారు. వెనక వరసలో కూర్చున్న నేను మాత్రం ఆ గిటార్ ముక్క వినగానే గుర్తుపట్టేశాను. అది ది ఆఫ్‌స్ప్రింగ్ వాళ్ల 'కమ్ అవుట్ అండ్ ప్లే'. ఆ మాట పైకి అనడమే నేను చేసిన పొరపాటు. "అయితే అదేంటో నువ్వే రాయి తమ్ముడూ, మాకూ తెలుస్తుంది" అన్నారు అన్నయ్య. అలా ఈ వ్యాసం నా నెత్తిన పడింది.

నాకీ సంగీతంతో పరిచయం అమెరికాలో కలగలేదు, గుంటూరులో కలిగింది. ఏడో తరగతిలో ఉండగా ట్యూషన్ ఎగ్గొట్టి బ్రాడీపేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి 'క్రేజీ టాక్సీ' ఆడేవాళ్లం. పసుపుపచ్చ టాక్సీ ఎత్తుల మీంచి ఎగురుతూ, బళ్లను గుద్దుకుంటూ పోతుంటే వెనక నుంచి ఎవరో గొంతు చించుకుని అరుస్తుండేవారు. ఆ అరిచేది ఆఫ్‌స్ప్రింగ్, బాడ్ రెలిజియన్ అనే రెండు బాండ్లని ఎమ్మెస్ చదవడానికి దక్షిణ కాలిఫోర్నియా వచ్చాకగానీ తెలియలేదు. ఇంకో చిత్రం కూడా అప్పుడే తెలిసింది. మనందరం నెలకోసారి పప్పులు, ఉప్పులు, బంగారం కోసం వెళ్లే ఆర్టీషియా పయొనీర్ బులవార్డ్ నుంచి పదీ పన్నెండు మైళ్లు వెళితే వచ్చే గార్డెన్ గ్రోవ్‌లోనే ఈ ఆఫ్‌స్ప్రింగ్ పుట్టింది.

ముందుగా స్కేట్ పంక్ అంటే ఏమిటో రెండు ముక్కలు. 1976, 77 ప్రాంతాల్లో కాలిఫోర్నియాలో పెద్ద కరువు వచ్చింది. పెరటి ఈతకొలనులు చాలా చోట్ల ఎండిపోయాయి. స్కేట్‌బోర్డు కుర్రాళ్లు గోడలు దూకి ఆ ఖాళీ కొలనుల్లో దిగి, గుండ్రటి సిమెంటు గోడల మీదికి ఎగబాకడం నేర్చుకున్నారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అదే కుర్రాళ్లు, అవే వీధుల్లో, గరాజుల్లో పంక్ వాయించడం మొదలుపెట్టారు. ఆటకీ పాటకీ ఉన్న చుట్టరికం వేగమే. డ్రమ్ముల్లో అడుగున ఉండే కిక్, ఎదురుగా ఉండే స్నేర్ ఊపిరి తీసుకోనివ్వకుండా ఒకదాని వెంట ఒకటి పడుతుంటాయి. పాట రెండు నిమిషాలు దాటితే ఎక్కువ. కానీ ఆ పరుగు మీద తేలే వరస మాత్రం ఒకసారి వింటే పాడుకోగలిగేంత తేలిగ్గా ఉంటుంది. బాడ్ రెలిజియన్ 1988లో తెచ్చిన 'సఫర్' ఆల్బమ్ ఈ పద్ధతికి బాట వేసిందని చెబుతారు. ఆ బాండు గిటారిస్టు బ్రెట్ గురెవిట్జ్ సొంతంగా నడిపిన చిన్న కంపెనీ పేరు ఎపిటాఫ్. దాని సంగతి మళ్లీ వస్తుంది.

ఇక మన కథానాయకులు. 1984లో సోషల్ డిస్టార్షన్ అనే బాండు కచేరీకి వెళ్లి లోపలికి ప్రవేశం దొరకని ఇద్దరు మిత్రులు మనమే ఒక బాండు పెట్టుకుందామనుకున్నారు. ఒకరు బ్రయాన్ హాలండ్, తర్వాత డెక్స్టర్ అనే పేరుతో ప్రసిద్ధుడు. రెండోవారు గ్రెగ్ క్రీజెల్. ఇద్దరూ స్కూల్లో క్రాస్ కంట్రీ పరుగు జట్టులో ఉండేవారు. అప్పటికి ఇద్దరికీ వాయించడం రాదు. ముందు మానిక్ సబ్‌సైడల్ అని పేరు పెట్టుకుని, 1986లో ది ఆఫ్‌స్ప్రింగ్‌గా మార్చుకున్నారు. నూడిల్స్ అనే ముద్దుపేరున్న కెవిన్ వాసర్మన్ గిటార్‌కి, రాన్ వెల్టీ డ్రమ్స్‌కి వచ్చారు. నూడిల్స్ ఒక బడిలో జానిటర్. వయసులో మిగతావాళ్లకన్నా పెద్దవాడు కాబట్టి బీరు కొనిపెట్టడానికి పనికొస్తాడని చేర్చుకున్నామని వీళ్లు సరదాగా చెప్పుకునేవారు. హాలండ్ మాత్రం హైస్కూల్లో క్లాసు ఫస్టు. యూఎస్‌సీలో బయాలజీ డిగ్రీ, ఆ తర్వాత మాలిక్యులర్ బయాలజీలో ఎమ్మెస్, ఆపైన పీహెచ్‌డీలో చేరిక. మన ఇళ్లలో పెళ్లిచూపులకి పంపే బయోడేటాలా ఉంది కదూ!

1989లో నెమెసిస్ అనే చిన్న కంపెనీ ద్వారా బాండు పేరుతోనే మొదటి ఆల్బమ్ వచ్చింది. నిజాయితీగా చెప్పాలంటే అది అభిమానులకు మాత్రమే. అందులో టెహరాన్ పేరుతో ఒక పాట ఉంది. 1991లో గల్ఫ్ యుద్ధం రాగానే దాన్నే బాగ్దాద్‌గా మార్చి మళ్లీ విడుదల చేశారు. 1992లో ఎపిటాఫ్ ద్వారా వచ్చిన 'ఇగ్నిషన్' చాలా మెరుగు. అందులోనూ ముప్పావు వంతు పరుగే, కానీ 'డర్టీ మేజిక్' అనే పాట దగ్గర బాండు మొదటిసారి నెమ్మదిస్తుంది. గిటార్లు తగ్గి, గొంతు ముందుకొచ్చి, మళ్లీ ఒక్కసారిగా అన్నీ మీద పడతాయి. రెండేళ్ల తర్వాత వచ్చిన 'స్మాష్'కి విత్తనం ఆ పాటలో ఉందని నా అభిప్రాయం. వాళ్లకీ అది ఇష్టమే అనుకుంటాను, 2012లో అదే పాటని మళ్లీ రికార్డు చేశారు.

'స్మాష్' 1994 ఏప్రిల్ 8న విడుదలైంది. నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ మరణవార్త లోకానికి తెలిసింది కూడా ఆ రోజే. నిర్మాత థామ్ విల్సన్, ముందు రెండు ఆల్బమ్‌లకూ ఆయనే. ఖర్చు సుమారు 20 వేల డాలర్లు. అప్పట్లో పెద్ద కంపెనీల లెక్కలో అది టీ కాఫీల ఖర్చు. మొత్తం 14 ట్రాకులు.

మా అక్క గుంటూరులో పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. పక్క గదిలో హోంవర్కు చేసుకుంటూ విన్న పాపానికి నాకు వచ్చిన సంగీత జ్ఞానం అంతా కాలాల గురించే. సరళీ వరసలు మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో పాడించేవారు టీచరు గారు. 'ఇగ్నిషన్' దాకా ఆఫ్‌స్ప్రింగ్‌ది దాదాపు అంతా మూడో కాలమే. ఎప్పుడూ పరిగెడుతుంటే పరుగు తెలియదు. 'స్మాష్'లో వాళ్లు నేర్చుకున్నది మిగతా రెండు కాలాలు. ఈ ఆల్బమ్ ఎదుగుదల గురించి నేను చెప్పగలిగినదాంట్లో ముఖ్యమైన మాట ఇదే.

ఉదాహరణకి 'బాడ్ హాబిట్' తీసుకోండి. ఫ్రీవే మీద కోపంతో ఊగిపోయే డ్రైవరు కథ అది. మొదట బేస్ గిటార్ ఒక్కటే గొణుగుతుంటే గొంతు తాపీగా మొదలవుతుంది, తర్వాత డ్రమ్స్ దూకుతాయి. మధ్యలో అంతా ఠక్కున ఆగిపోయి, నిశ్శబ్దంలో బూతుల దండకం ఒకటి వస్తుంది. ఆ ఆగడమే పాటకి ప్రాణం. పిల్లలు వెనక సీట్లో ఉండగా ఇది పెట్టకండి, 405 మీద సాయంత్రం 5 గంటలకి అసలే పెట్టకండి. 'గాట్టా గెట్ అవే' మధ్యరకం నడక. డ్రమ్స్, బేస్ కలిసి నడుస్తుంటే లోపల ఆందోళన పెరుగుతూ పోతుంది. 'వాట్ హాపెన్డ్ టు యూ?'లో జమైకా నుంచి వచ్చిన స్కా పద్ధతి వాడారు. గిటార్ దెబ్బ తాళం మీద కాక తాళాల సందులో పడుతుంది. చిందేయాలనిపించే ఆ నడక మీద పాడేదేమో మత్తుమందుకి అలవాటుపడ్డ స్నేహితుడి గురించి. 'సో అలోన్' నిమిషం పైన కొన్ని సెకన్లు, అంతే.

ఇక 'సెల్ఫ్ ఎస్టీమ్'. మొదట్లో అందరూ కావాలని అపశృతిలో కూనిరాగం తీస్తారు. నవ్వుకునేలోపు బరువైన నాలుగు కార్డుల గిటార్ వచ్చి పడుతుంది. పాట పాడేవాడు ప్రియురాలి చేతిలో అలుసైపోయి, అది తెలిసి కూడా వదల్లేని కుర్రాడు. పంక్‌లో అప్పటిదాకా తప్పు ప్రభుత్వానిదో, పోలీసులదో, తల్లిదండ్రులదో అయ్యేది. ఇక్కడ పాడేవాడు తనని తానే వెక్కిరించుకుంటాడు. చరణం తగ్గు స్వరంలో, పల్లవి పూర్తి బలంతో నడిపించడం నిర్వాణ లాంటి బాండ్ల దగ్గర నుంచి వచ్చిన అలవాటే. అయినా అరువు అనిపించదు.

అన్నీ గొప్ప పాటలని మాత్రం అనను. 'సంథింగ్ టు బిలీవ్ ఇన్', 'నాట్ ద వన్' ఇగ్నిషన్‌లో మిగిలిపోయిన సరుకులా ఉంటాయి. హాలండ్ గొంతు పై స్థాయిలో గీరుకుపోతుంది, రెండు పాటల వెంట రెండు వింటే అలసట వస్తుంది. కమిటీ పెద్దాయన చెవులు మూసుకోవడంలో నాకు ఆశ్చర్యమేమీ లేదు.

రిహార్సల్‌లో గొడవ తెచ్చిన 'కమ్ అవుట్ అండ్ ప్లే'కి వస్తే, ఇది లాస్ ఏంజెలెస్ స్కూళ్లలో తుపాకులతో తిరిగే గాంగు పిల్లల గురించి. హాలండ్ రోజూ అలాంటి పేటల మీదుగానే కారులో యూనివర్సిటీకి వెళ్లేవాడు, 1992 అల్లర్లు జరిగిన నగరం అది. పాటలో పదే పదే వచ్చే మాట మాత్రం వీధిలో కాదు, లాబ్‌లో పుట్టిందని ఆయనే చెప్పాడు. ఆటోక్లేవ్‌లోంచి తీసిన వేడి ఫ్లాస్కులు పక్కపక్కనే పెడితే ఎంతకీ చల్లారవు, దూరదూరంగా పెట్టాలి. పాలగిన్నెల విషయంలో మన అమ్మలందరికీ తెలిసిన సంగతే. ఆ విడివిడిగా ఉంచాలన్న ఆలోచన గాంగుల పిల్లలకి అతికింది. లాబ్ నోట్సులోంచి పల్లవి పుట్టడం ఇంకెక్కడైనా విన్నారా?

ఈ పాటలో గిటార్ ముక్క వినగానే ఎవరికైనా అరబ్బు దేశాల బాణీ గుర్తొస్తుంది. దానికి ఆరెంజ్ కౌంటీలో వంశవృక్షమే ఉంది. 1960ల మొదట్లో ఇక్కడి బల్బోవా తీరంలో డిక్ డేల్ అనే గిటారిస్టు సర్ఫ్ సంగీతం వాయించేవాడు. తండ్రి వైపు లెబనాన్ మూలాలున్నవాడు. ఆయన ప్రసిద్ధి చేసిన 'మిసిర్లూ' తూర్పు మధ్యధరా జానపద బాణీ. 1994లోనే వచ్చిన 'పల్ప్ ఫిక్షన్' సినిమా మొదట్లో మోగేది అదే. ఆ మిసిర్లూ స్వరస్థానాలు మన మాయామాళవగౌళవే. రిషభం చిన్నది, గాంధారం పెద్దది, మధ్యలో ఆ పెద్ద అంగ. సర్ఫ్ వాసన అంటిన స్థానిక పంక్ బాండు ఏజెంట్ ఆరెంజ్ పాట 'బ్లడ్‌స్టెయిన్స్'లో అలాంటి గిటార్ ముక్కే ఉంది. 'స్మాష్' హిట్టయ్యాక మా ముక్క ఎత్తేశారని ఆ బాండు ఫిర్యాదు కూడా చేసింది. 2000లో ఆఫ్‌స్ప్రింగ్ ఆ 'బ్లడ్‌స్టెయిన్స్'నే ఒక సినిమా కోసం పాడారు. ఎవరి వాదన ఎంతవరకు నిజమో వినేవాళ్లే తేల్చుకోవచ్చు. నా చెవికి పోలిక ఉంది, దొంగతనం అనేంత లేదు.

ఆ పాటని లాస్ ఏంజెలెస్ రేడియో కే‌రాక్ ఎత్తుకుంది, తర్వాత ఎంటీవీ. ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానం దాకా వెళ్లింది. అమెరికాలో 60 లక్షల కాపీలకు గుర్తింపు, ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షలకు పైగా. పెద్ద కంపెనీ అండ లేని స్వతంత్ర లేబుళ్ల ఆల్బమ్‌లలో అత్యధికంగా అమ్ముడైనది ఇదేనని ఇప్పటికీ చెబుతారు. గురెవిట్జ్ ఎపిటాఫ్ చూసుకోవడానికి అదే ఏడాది తన బాడ్ రెలిజియన్ బాండునే వదిలేశాడు. నూడిల్స్ మాత్రం పాట టీవీలో వస్తున్నా ఒప్పుకున్న రోజులు పూర్తయ్యేదాకా స్కూల్లో చీపురు వదల్లేదట. టీవీలో కనిపిస్తూ ఇక్కడ ఊడుస్తున్నావేంటని పిల్లలు అడిగేవారట. 1996లో బాండు కొలంబియా అనే పెద్ద కంపెనీకి మారింది, ఎపిటాఫ్‌తో మాటామాటా వచ్చింది, పంక్ ధర్మం తప్పారని పాత అభిమానులు తిట్టారు.

హాలండ్ పీహెచ్‌డీ ఏమైంది? ఆల్బమ్ పేలడంతో చదువు ఆపేశాడు. ఇరవై ఏళ్లు కచేరీలు చేశాక మళ్లీ అదే యూఎస్‌సీకి తిరిగొచ్చి, 2013లో ఒక పరిశోధన పత్రం ప్రచురించి, 2017 మేలో డాక్టరేట్ పూర్తిచేశాడు. విషయం హెచ్ఐవీ. ఆ వైరస్ జన్యుపటం సుమారు 9,700 అక్షరాలు. మనిషి కణాల్లో జన్యువులను అదుపు చేసే మైక్రో ఆర్ఎన్ఏలు 22 అక్షరాల పొడుగుంటాయి. అలాంటి పొట్టి అక్షరమాలలు వైరస్ ప్రొటీన్ జన్యువుల్లో దాక్కున్నాయా అని కంప్యూటర్ మీద వెతికాడు. మన భాషలో చెప్పాలంటే స్ట్రింగ్ మ్యాచింగ్. పోలికలు దొరికాయి, వైరస్ మన కణాలను మోసగించే దారుల్లో ఇవీ ఉండొచ్చని ప్రతిపాదించాడు.

ఆ వార్త చదివినప్పుడు నేను ఆఫీసు క్యూబికల్‌లో ఉన్నాను. అంతకు మూడేళ్ల ముందు, ఎమ్మెస్ చివరి సెమిస్టర్‌లో, మా ప్రొఫెసర్ పీహెచ్‌డీకి ఉండిపొమ్మన్నారు. ఫండింగ్ కూడా ఇస్తానన్నారు. నాన్నగారు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన లోను, నెలనెలా పెరిగే వడ్డీ, ఓపీటీ గడియారం. ఒక వారం నిద్రపోకుండా ఆలోచించి ఉద్యోగంలో చేరాను. ఆ వారం కారులో ఏం పెట్టుకుని తిరిగానో చెప్పక్కర్లేదనుకుంటాను. 'గాట్టా గెట్ అవే' నాకు కంఠతా వచ్చింది అప్పుడే.

హాలండ్‌ని చూసి నేర్చుకోండి, ఎప్పుడైనా చదువుకోవచ్చు అని పిల్లలకి చెప్పేవాళ్లు ఒక్క విషయం గమనించాలి. చదువు మధ్యలో వదిలి బాండుతో ఊళ్లు తిరిగే వెసులుబాటు ఆయనకి ఉంది. ఎఫ్-1 మీద ఉన్నవాడు సెమిస్టర్ మానేసి గిటార్ పట్టుకుంటే రోజుల్లో దేశం వదలాలి. లోను 2018లో తీరింది. ప్రొఫెసర్ గారి ఈమెయిల్ ఇప్పటికీ నా మెయిల్‌బాక్సులో నక్షత్రం గుర్తుతో ఉంది. దానికి జవాబు రాయనూ లేదు, చెరపనూ లేదు. ఇక్కడే పుట్టిన అన్నయ్యగారి అబ్బాయికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. వాడు డ్రమ్స్ వాయిస్తే చదువు పాడవుతుందన్న భయం ఒక్కటే కమిటీ అభ్యంతరమైతే, ఈ బాండు ఉదాహరణ వాడి పక్షానే ఉంది.

తర్వాతి ఆల్బమ్‌ల గురించి క్లుప్తంగా: 1997లో వచ్చిన 'ఇక్స్‌నే ఆన్ ద హోంబ్రే'లోవే నేను గుంటూరులో విన్న టాక్సీ పాటలు. 1998 నాటి 'అమెరికానా' వేళాకోళం పాటలతో ఇంకా పెద్ద జనానికి చేరింది, నాకు అంతగా పట్టలేదు. 2000లో నాప్‌స్టర్ గొడవల కాలంలో కొత్త ఆల్బమ్ మొత్తం నెట్‌లో ఉచితంగా పెడతామని కంపెనీని హడలగొట్టి, చివరికి ఒక్క పాటతో సరిపెట్టారు. 2024లో కూడా 'సూపర్‌ఛార్జ్డ్' పేరుతో ఆల్బమ్ తెచ్చారు. అన్నట్టు, 2004 నుంచి హాలండ్ గ్రింగో బందీతో అని సొంత మిరప సాస్ అమ్ముతున్నాడు. దోసెలోకి పరవాలేదు, ఆవకాయ తిన్న నాలుకకి కారం చాలదు.

కొత్తగా వినేవాళ్లు 'సెల్ఫ్ ఎస్టీమ్'తో మొదలుపెట్టి, 'గాట్టా గెట్ అవే', ఆ తర్వాత 'వాట్ హాపెన్డ్ టు యూ?' వినండి. వేగం అలవాటయ్యాక 'నైట్రో', 'జెనొసైడ్' వైపు వెళ్లండి. ఆఖరి పాట అయిపోగానే మాత్రం ఆపేయకండి. కొంతసేపు ఏమీ వినిపించదు. తర్వాత 'కమ్ అవుట్ అండ్ ప్లే' గిటార్ ముక్క మాటల్లేకుండా, హడావుడి లేకుండా మళ్లీ వస్తుంది.

ఈ వ్యాసం రాస్తూ ఆ ముక్కొక్కటే మా అక్కకి వాట్సాప్‌లో పంపాను. గుంటూరులో పొద్దున్న ఆరింటికి విని జవాబిచ్చింది. "రిషభం బాగానే పట్టాడు. శృతి పెట్టె ఉందా వాళ్లింట్లో?" అని.